పార్శిల్ వద్దు

మా సిరికొండలో హోటల్ అంటే బస్సు ఆగే చోట ఉండే చాయ్ హోటలే. పొద్దున ఇడ్లీ, బోండా. సాయంత్రం మిర్చి. లోపల నాలుగు బల్లలు, ఒక బల్ల మీద న్యూస్ పేపరు, ఆ పేపరు చుట్టూ మగవాళ్ళు. ఎవరి పసుపు ఎంత ధర పలికింది, ఎవరికి వీసా వచ్చింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు అన్నీ అక్కడే తేలుతాయి. ఆడవాళ్ళు ఆ హోటల్ వంటలు తినరని కాదు, తింటారు. కానీ ఇంటి దగ్గర తింటారు. పిల్లవాడిని పంపిస్తే పేపర్లో చుట్టి, దారం కట్టి ఇస్తారు. మా ఊరి ఆడవాళ్ళకు హోటల్ అంటే పార్శిల్.

మా దగ్గర అంకాపూర్ అనే ఊరుంది. ఆర్మూర్ పక్కనే, నిజామాబాద్ పోయే రోడ్డు మీద. విత్తనాలకు, మొక్కజొన్న కంకులకు ఎంత పేరో, దేశీ కోడికూరకు అంత పేరు. హైదరాబాద్ నుంచి కూడా కార్లు ఆపి తీసుకెళ్తారు. ముందుగా ఫోన్ చేసి చెప్తే వండి పెడతారు, కూర, అన్నం కలిపి కట్టిస్తారు. మా చిన్నమ్మకు ఆ కూర చాలా ఇష్టం. ఇప్పటికి ఎన్నోసార్లు తిన్నది. కానీ ఒక్కసారి కూడా అంకాపూర్‌లో కూర్చుని తినలేదు. కాక గల్ఫ్ నుంచి వచ్చినప్పుడల్లా ఇంటికి పార్శిల్ వస్తుంది. వచ్చిన చుట్టాలందరికీ వడ్డించాక, చివరికి గిన్నెలో మిగిలింది వంటింట్లో నిలబడి తింటుంది. వేడి వేడి కూర రుచి ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదంటే నేను నమ్ముతాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ మార్చిలో నాకు ఒక పని పడింది. హైదరాబాద్‌లో ఇద్దరి కోసం ఒక హోటల్ వెతకాలి. ఆ ఇద్దరు మా కాక, చిన్నమ్మ.

మా కాక పెళ్ళి 2006లో అయింది. ఏడాది తిరిగేసరికి, 2007లో, బొంబాయి మీదుగా దుబాయ్ పోయాడు. అప్పటికి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ లేదు, అది 2008 మార్చిలో మొదలైంది. షట్టరింగ్ పని. రెండేళ్ళకోసారి సెలవు, వస్తే రెండు నెలలు. కరోనా వల్ల ఒక సెలవు ఎగిరిపోయింది. మొత్తం ఎనిమిదిసార్లు వచ్చాడు. మనం ఇంజినీరింగ్ వాళ్ళం కదా, లెక్క వేయకుండా ఉండలేం. ఎనిమిది సెలవులు, పదహారు నెలలు. పెళ్ళైన మొదటి ఏడాది కలిపితే ఇరవై ఎనిమిది. అంటే పెళ్ళై పందొమ్మిదేళ్ళు నడుస్తున్నా వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నది రెండేళ్ళ నాలుగు నెలలు. మన బీటెక్ నాలుగేళ్ళు. మీరు మీ రూమ్మేట్‌తో గడిపే కాలం కంటే మా చిన్నమ్మ తన భర్తతో గడిపిన కాలం తక్కువ.

ఆ ఇరవై ఎనిమిది నెలల్లో కూడా వాళ్ళు మాట్లాడుకునే సమయం ఎంత? సెలవులో వచ్చిన మనిషి ఒక్కరి మనిషి కాదు. పొద్దున లేస్తే ఎవరో ఒకరు వాకిట్లో ఉంటారు. ఒకరికి వీసా సంగతి కావాలి, ఒకరికి చేబదులు కావాలి. పెళ్ళిళ్ళు, పరామర్శలు, అప్పు లెక్కలు. ఈసారి జనవరి చివర్లో వచ్చాడు. అంటే పసుపు తవ్వే కాలం. తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, మెరుగు పట్టడం, ఆ తర్వాత నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకుపోవడం. తొమ్మిది నెలల పంట చివరికి వచ్చేసరికి ఇంట్లో ఎవరికీ మాట్లాడే ఓపిక ఉండదు. రాత్రి అయితే తాత, నానమ్మ, పిల్లలు అందరూ ఒకే హాల్లో. చిన్నమ్మ బీడీల చాట ముందు పెట్టుకుని కూర్చుంటే కాక ఫోన్ చూస్తూ నిద్రపోతాడు.

ఫిబ్రవరి ఆఖర్లో చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది. మామూలుగా ఆమె ఫోన్ చేస్తే "తిన్నవా బిడ్డా" అని మొదలుపెట్టి అక్కడే ముగిస్తుంది. ఆ రోజు మాత్రం వేరే మాట అడిగింది.

"బిడ్డా, మీ కాకను ఇమానం ఎక్కియ్యనీకి నేను గూడ పట్నం వస్తున్న. మాకు ఏడనన్న ఒక హోటల్ చూడు. మీ కాకతోని ఒక మాట మాట్లాడాలె. ఇంట్ల అయితలేదు."

"ఎట్లాంటిది చూడాలె చిన్నమ్మా?"

కొంచెం ఆలోచించి చెప్పింది. "మంచిగ ఉండాలె. గని లోపటికి పోవాల్నంటే భయం గావద్దు."

ఇంటర్నెట్‌లో హోటళ్ళ గురించి రాసేవాళ్ళు పేజీలు పేజీలు రాస్తారు. అందంగా ఉండాలి, ఆర్భాటం ఉండకూడదు, అని చెప్పడానికి ఎన్నో మాటలు వాడతారు. చిన్నమ్మ రెండు ముక్కల్లో చెప్పేసింది. నేను ఆ రెండు ముక్కలను నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నాను. కింద మిగతా షరతులు కూడా రాశాను.

ప్రయాణం మార్చి 15, శనివారం, హోలీ మరుసటి రోజు. విమానం తెల్లవారుజామున. కాబట్టి సాయంత్రం ఆరు నుంచి పది వరకు టైముంది. శనివారం చిన్నమ్మకు ఒక్కపొద్దు. పగలు ఒకపూట అన్నం, రాత్రికి టిఫిన్. నీసు ముట్టదు. మెట్లు ఎక్కువ ఉండకూడదు, చిన్నమ్మకు మోకాళ్ళ నొప్పి. మెనూ తెలుగులో లేకపోయినా పర్వాలేదు, కానీ నోటితో అడిగితే చెప్పేవాడు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, లేవమని ఎవరూ అనకూడదు.

2019లో యునెస్కో హైదరాబాద్‌ను తన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఏ విభాగంలోనో తెలుసా? తిండి విభాగంలో. అంత పెద్ద తిండి నగరంలో ఇద్దరు మనుషులు కూర్చునే ఒక బల్ల దొరకదా అనుకున్నాం నేను, నా రూమ్మేట్. రెండు ఆదివారాలు, ఒక బుధవారం సాయంత్రం తిరిగాం. (బుధవారం ల్యాబ్ రికార్డు సబ్మిషన్ ఉండింది. అది వేరే కథ.)

మొదట అందరూ చెప్పే చోటికే వెళ్ళాం. హైటెక్ సిటీ వైపు ఒక కేఫ్. చెట్లకు చిన్న చిన్న లైట్లు, వెదురు కుర్చీలు, గోడ మీద పాత సైకిలు. ఫొటోలకు చాలా బాగుంది. బల్ల మీద మెనూ లేదు, క్యూఆర్ కోడ్ ఉంది. పాట ఎంత గట్టిగా పెట్టారంటే మేమిద్దరం ఒకరి చెవిలో ఒకరు అరుచుకున్నాం. "భయం గావద్దు" అన్న షరతు దగ్గరే ఇది పోయింది. చిన్నమ్మ అక్కడికి వస్తే చెప్పులు బయట విడవాలా అని అడుగుతుంది. ఆమె అడగడం తప్పు కాదు, ఆమెను అలా అడిగేలా చేసే చోటుకు నేను తీసుకుపోకూడదు, అంతే.

తర్వాత ఒక బిర్యానీ హోటల్. ఒక్కపొద్దు మనిషికి బిర్యానీ హోటల్ ఎందుకు అంటారేమో. కాక కోసం. పట్నం వస్తే బిర్యానీ తినాలని ఆయనకుంటుంది కదా. కానీ అక్కడ రద్దీ సమయంలో ఒక పద్ధతి ఉంది. మీరు తింటూ ఉంటే మీ కుర్చీ వెనక తర్వాతి కుటుంబం నిలబడి ఉంటుంది. మీ ప్లేటులో ఎంత మిగిలిందో వాళ్ళు చూస్తూ ఉంటారు. ఆకలి తీరుతుంది, మాట మాత్రం నోట్లోనే ఉండిపోతుంది.

ఒక మాల్‌లో ఫుడ్ కోర్ట్ కూడా చూశాం. అక్కడ మూడో అంతస్తుకు ఎస్కలేటర్. కార్డులో డబ్బు వేయించుకోవాలి, తిండి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, నంబరు పిలిస్తే పరిగెత్తాలి. కాక ఒక లైన్లో, చిన్నమ్మ ఒక లైన్లో నిలబడితే ఇంక మాట్లాడుకునేదెప్పుడు?

మా రూమ్మేట్‌కు ఒక మంచి ఆలోచన వచ్చింది. మండి. మీలో చాలామంది తినే ఉంటారు. నేల మీద పరుపులు, పక్కకు దిండ్లు, మధ్యలో ఒక పెద్ద పళ్ళెం, ముందు పరదా. పరదా వేసుకుంటే ఎవరి లోకం వాళ్ళది. ఈ మండి మన నగరానికి కొత్త ఫ్యాషన్ లాగా కనిపిస్తుంది కానీ దాని వెనక పాత సంగతి ఉంది. చార్మినార్‌కు దక్షిణాన బార్కస్ అనే పేట ఉంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు ఉన్న బ్యారెక్స్ అది. బ్యారెక్స్ అన్న మాటే నోళ్ళలో నలిగి బార్కస్ అయింది. ఇప్పుడు నగరమంతా కనిపించే మండి హోటళ్ళకు అదే పుట్టిల్లు లాంటిది.

ఒకే పళ్ళెంలో ఇద్దరూ తినడం నాకు చాలా నచ్చింది. ఫోన్ చేసి కాకను మెల్లగా అడిగాను. ఆయన నవ్వాడు. "అరబ్బోళ్ళ తిండి తినేటందుకు నేను దుబాయ్ నుంచి ఈడికి రావాల్నా బిడ్డా?" నిజమే. ఆయనకు అక్కడ రూంలో ఎనిమిది మంది. వంతుల వారీగా వండుకుంటారు. ఆయన వంతు మంగళ, శుక్రవారాలు. పప్పుచారు బాగా పెడతాడని రూం వాళ్ళు చెప్తారు. ఆ పప్పుచారు చిన్నమ్మ ఇప్పటిదాకా తినలేదు.

మిగిలింది ఇరానీ హోటల్. నాకు మొదటి నుంచి మనసులో ఉన్నది అదే. ఇరాన్ నుంచి బొంబాయి, పూనాల మీదుగా హైదరాబాద్ వచ్చినవాళ్ళు పెట్టిన హోటళ్ళివి. పాలరాయి బల్లలు, చెక్క కుర్చీలు. పాలు వేరుగా చిక్కగా మరుగుతుంటాయి, డికాక్షన్ వేరుగా మూతపెట్టి దమ్ మీద ఉంటుంది. రెండూ కప్పులోనే కలుస్తాయి. పక్కన కొంచెం ఉప్పు, కొంచెం తీపి కలిసిన ఉస్మానియా బిస్కెట్. చార్మినార్ పక్కనున్న నిమ్రా 1993లో పెట్టింది. రెడ్ హిల్స్‌లో నీలోఫర్ 1978 నాటిది. ఈ నగరానికి కూర్చోవడం నేర్పింది ఇరానీ హోటళ్ళే అని నా నమ్మకం. ఒక చాయ్ మీద గంటసేపు కూర్చున్నా అడిగేవాడు ఉండడు అన్న పేరు వాటికి ఊరికే రాలేదు. ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసిచ్చే 'వన్ బై టూ' అనే గొప్ప పద్ధతి కూడా అక్కడ బాగా నడుస్తుంది. ఇద్దరు మనుషులకు ఇంతకంటే మంచి కొలత ఏముంటుంది?

అయితే రెండు చిక్కులు వచ్చాయి. మార్చి రెండో తారీఖున రంజాన్ నెల మొదలైంది. రంజాన్ సాయంత్రాలు అంటే హలీం. హైదరాబాద్ హలీంకు 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇఫ్తార్ తర్వాత ఆ వీధుల్లో నడవడానికే చోటుండదు. చూడటానికి పండగే, కానీ తీరిగ్గా కూర్చోవడానికి అది సమయం కాదు.

రెండో చిక్కు ఇంకొంచెం లోతైనది. మేము వెళ్ళిన ఒక పాత ఇరానీ హోటల్లో, పేరు అనవసరం, ముందు హాలంతా మగవాళ్ళే. మమ్మల్ని చూడగానే ఒకాయన మర్యాదగానే లోపలి గది చూపించాడు. ఫ్యామిలీ రూం. అక్కడ కిటికీ లేదు. అప్పుడు నాకు మా సిరికొండ చాయ్ హోటలే గుర్తొచ్చింది. నగరమైనా, పల్లె అయినా, హోటల్ అనేది మొదట పుట్టింది ఇల్లు విడిచి వచ్చిన మగవాళ్ళ కోసం. చదువుకునేవాళ్ళు, గుమాస్తాలు, కూలీలు, డ్రైవర్లు. మన అమీర్‌పేట మెస్సులు కూడా అలా వచ్చినవే. ఇంటి నుంచి దూరమైనవాడికి ఇంటి అన్నం పెట్టడం వాటి పని. మా కాక దుబాయ్‌లో అలాంటివాడే. కానీ ఇంట్లో ఉండిపోయిన మనిషికి, ఇంటి బయట కాసేపు కూర్చోవాలని ఉన్న మనిషికి, ఎవరూ హోటల్ కట్టలేదు. ఉన్నదానిలో ఒక మూల గోడ కట్టి ఫ్యామిలీ అని బోర్డు పెట్టారు.

అలా తిరిగి తిరిగి, చివరికి ఆబిడ్స్ వచ్చాం. తాజ్‌మహల్ హోటల్. మన అమ్మానాన్నల తరం వాళ్ళను అడగండి, చదువుకోవడానికో ఆఫీసు పని మీదో హైదరాబాద్ వచ్చినవాళ్ళలో చాలామంది అక్కడ ఏదో ఒకరోజు ఇడ్లీ తిని ఉంటారు. 1948లో పెట్టారు. శాకాహారం. బెంగళూరులో ఎంటీఆర్ 1924 నాటిదైతే, మన దగ్గర టిఫిన్, కాఫీలకు అలాంటి పాత పేరు దీనికుంది. పాత భవనం. ముసలివాళ్ళు, చిన్నపిల్లల తల్లులు, ఫైళ్ళు పట్టుకున్న గుమాస్తాలు, ఒంటరిగా కూర్చుని కాఫీ తాగే ఆడవాళ్ళు కూడా కనిపించారు. మేమిద్దరం ఒక దోశ, రెండు కాఫీలు చెప్పి కావాలనే చాలాసేపు కూర్చున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. "ఇంకేమన్నా కావాలామ్మా" అని ఒక్కసారి అడిగారు. పాట లేదు. ప్లేట్ల చప్పుడు, ఫ్యాను గాలి, పక్క బల్ల వాళ్ళు ఎవరిదో పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుకుంటున్న చప్పుడు. నోట్‌బుక్‌లో రాసుకున్న షరతులన్నిటికీ టిక్కు పడింది.

మార్చి 15 సాయంత్రం కాక, చిన్నమ్మ జేబీఎస్‌లో బస్సు దిగారు. ఆర్మూర్ నుంచి వచ్చే బస్సు. కాక దగ్గర రెండు పెద్ద బ్యాగులు. అందులో సకినాలు, తొక్కు, ఒక డబ్బా నిండా సొంత చేను పసుపు. రూంలో ఎనిమిది మందికీ తలా కొంచెం. సామాను నారాయణగూడలో మా అన్న రూంలో పెట్టి, ముగ్గురం ఆటో ఎక్కాం. చిన్నమ్మ పట్టుచీర కట్టుకుంది. దారి పొడుగునా కొంగుతో చేతులు కప్పుకుంటూనే ఉంది. పసుపు ఉడకబెట్టిన చేతులు, వారం దాటినా రంగు పోలేదు. కాక చేతులూ అలాగే ఉన్నాయి కానీ ఆయనకు ఆ పట్టింపు లేదు.

లోపలికి వెళ్ళాక గోడ పక్కన ఇద్దరు కూర్చునే బల్ల చూపించాను. రూమ్మేట్ అప్పటికే వచ్చి దూరంగా వేరే బల్ల పట్టుకుని ఉంది. "నువ్వు గూడ కూసో బిడ్డా" అన్నాడు కాక. "నా ఫ్రెండ్ ఉంది కాకా, ఆమెతోని తింట" అని జరుక్కున్నాను. ఇది ముందే చిన్నమ్మతో అనుకున్న మాటే.

కాకకు ఒక్కసారిగా ఏం చేయాలో తోచలేదు. ఎదురుగా భార్య, మధ్యలో బల్ల, చుట్టూ తెలియని మనుషులు. పందొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ ఇలా ఎదురెదురు కూర్చున్నది అదే మొదటిసారి అని తర్వాత చిన్నమ్మ చెప్పింది. పెళ్ళిళ్ళలో మగవాళ్ళ బంతి వేరు, ఆడవాళ్ళ బంతి వేరు కదా. కాక అటూ ఇటూ చూశాడు, గడియారం చూసుకున్నాడు. ఆర్డర్ తీసుకునే ఆయన రాగానే గబగబా అన్నాడు: "రెండు దోశ, ఒక ఇడ్లీ పార్శిల్ కట్టియ్యిన్రి. రూంకు పోయి తింటం."

చిన్నమ్మ మామూలుగా కొత్తవాళ్ళ ముందు మాట్లాడదు. ఊళ్ళో ఆశా కార్యకర్త అడిగినా అత్త వైపు చూస్తుంది. ఆ రోజు కొంగు కింద నుంచి చేతులు తీసి బల్ల మీద పెట్టింది.

"పార్శిల్ వద్దు. ఈడనే తింటం" అన్నది.

ఆ మాట నాకు మూడు బల్లల అవతలికి వినిపించింది. ఆర్డర్ తీసుకునే ఆయనకు అది మామూలు మాటే, రాసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు, వినాలని కూర్చోలేదు కూడా. కానీ చూపు అటే పోతుంది కదా. మొదట చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చట్నీ గురించేమో ఏదో అన్నారు. సాంబారు కప్పు ఒకరి వైపు ఒకరు జరుపుకున్నారు. దోశ అయిపోయాక చిన్నమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. కాక తల వంచుకుని విన్నాడు. మధ్యలో ఒకసారి ఏదో అడ్డు చెప్పబోతే ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. కాఫీ వచ్చింది, చల్లారింది. చల్లారిన కాఫీ తీసేసి వేరేది తెమ్మంటారా అని అడిగితే కాక వద్దని, అదే తాగాడు.

తర్వాత నా దగ్గరికి వచ్చి, "బిడ్డా, పెన్నున్నదా?" అని అడిగాడు. ఇచ్చాను. బిల్లు తిప్పి దాని వెనక ఏవో అంకెలు రాయడం మొదలుపెట్టాడు. రాసి ఆమె వైపు తిప్పాడు. ఆమె ఒకదాని మీద వేలు పెట్టి ఏదో అన్నది. ఆయన అది కొట్టేసి వేరే అంకె రాశాడు. ఇలా చాలాసేపు నడిచింది. వాళ్ళ వెనక ఎవరూ నిలబడలేదు.

బయటికి వచ్చాక మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాం. ఆబిడ్స్ నుంచి దగ్గరే. 1935లో రాతితో కట్టిన మార్కెట్ అది, ఏడో నిజాం రెండో కొడుకు పేరు పెట్టారు. పాడైపోయి ఉంటే బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. గడియారం స్తంభానికి లైట్లు వేశారు. పండ్ల ఐస్‌క్రీంకు అక్కడి దుకాణాలు పాత పేరు. ఆరుబయట కూర్చుని తినొచ్చు. చిన్నమ్మ ఆ కమానులన్నీ తలెత్తి చూసి, "మార్కెట్ యార్డు గింత మంచిగ కడుతరా?" అన్నది. నిజామాబాద్ యార్డులో పసుపు కుప్పల పక్కన ఎండలో నిలబడ్డ మనిషి అడిగే ప్రశ్నే అది. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఆ రోజు మా ఊళ్ళో స్వీట్లు పంచుకున్నారు. బోర్డు వల్ల ఏమవుతుందో ముందు ముందు చూడాలి. కానీ కాక, చిన్నమ్మల బిల్లు లెక్కలో అది కూడా ఒక అంకె అని నాకు తర్వాత తెలిసింది.

పదిన్నరకు సామాను తీసుకుని ఎయిర్‌పోర్ట్ పుష్పక్ బస్సు ఎక్కారు. చిన్నమ్మను తీసుకురావడానికి అన్న వెంట వెళ్ళాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమెను ఆర్మూర్ బస్సు ఎక్కించేటప్పుడు అడిగాను, "మాట్లాడినవా చిన్నమ్మా?"

"మాట్లాడిన. ఈ రెండేండ్లు చేసి ఇంక వచ్చెయ్యమన్న. ఇంటి అప్పు ఎంతున్నదో, పసుపుకు ఎంతొస్తదో, నా బీడీల పైసలెంతో అన్ని చెప్పిన. పోరడు ఇంటర్ అయినంక ఖర్చు గూడ చెప్పిన."

"కాక ఏమన్నడు?"

"సూద్దాం అన్నడు."

నా ముఖం చూసి నవ్వింది. మా వైపు 'సూద్దాం' అంటే చాలాసార్లు 'కాదు' అని అర్థం. "ఫోన్ల ఎన్నిసార్లు అడిగినా సూద్దాం అనేటోడే. గని ఈపారి లెక్క రాసి సూద్దాం అన్నడు" అన్నది. బిల్లు ఆమె పర్సులో ఉంది. చూపించమని నేను అడగలేదు.

మన మ్యాగజైన్ చదివేవాళ్ళలో సగం మందికి పైగా ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఎప్పుడో ఒకసారి ఇంటి నుంచి ఇద్దరు వస్తారు. అమ్మానాన్న కావచ్చు, అక్కాబావ కావచ్చు. 'మంచి హోటల్ చెప్పు' అని గ్రూపులో మెసేజ్ పెడతారు. యాభై పేర్లు వస్తాయి, అన్నీ మనం ఫొటోలు దిగిన చోట్లే. మా రెండు ఆదివారాల తిరుగుడులో తెలిసిన నాలుగు మాటలు చెప్తాను, పనికొస్తే తీసుకోండి.

ముందు వాళ్ళు ఎందుకు వస్తున్నారో తెలుసుకోండి. ఆసుపత్రికి వచ్చినవాళ్ళకు కావలసిన చోటు వేరు, మిమ్మల్ని చూడటానికి వచ్చినవాళ్ళకు వేరు. ఏ వారం, ఏ సమయంలో తీసుకెళ్తారో అదే వారం, అదే సమయంలో మీరు ఒకసారి వెళ్ళి కూర్చుని చూడండి. మంగళవారం మధ్యాహ్నం ప్రశాంతంగా ఉన్న హోటల్ శనివారం రాత్రి సంత అయిపోతుంది. మెట్లు, బాత్రూం, చేతులు కడుక్కునే చోటు చూడండి. మెనూ చదవడం రానివాళ్ళు మెనూ తిప్పుతూ కూర్చోవడం ఎంత అవమానమో ఆలోచించండి. నోటితో అడిగి తెప్పించుకునే చోటే మంచిది. ధర వాళ్ళ కంటపడితే ఆకలి చచ్చిపోతుంది, అందుకని డబ్బు సంగతి ముందే చూసుకోండి. వాళ్ళు ఇద్దరైతే, మీరు పక్క బల్లకు పోండి. మీకు వాళ్ళు అమ్మానాన్నే కావచ్చు, కానీ వాళ్ళకు వాళ్ళు భార్యాభర్తలు.

పార్శిల్ మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి హాస్టల్‌కు తెప్పించుకునే డబ్బాలతోనే నా సెమిస్టర్లు గడిచాయి. ఇప్పుడు ఫోన్లో ఒక వేలు నొక్కితే నగరంలో ఏ వంటైనా గుమ్మం దగ్గరికి వస్తుంది. వంట వస్తుంది, బల్ల రాదు. ఇంటి పనిలోంచి కాసేపు లేచి రావడం, ఒకరు వడ్డిస్తే కూర్చుని తినడం, ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూస్తూ మాట పూర్తి చేయడం, ఇవేవీ డబ్బాలో రావు. మా చిన్నమ్మ లాంటివాళ్ళకు ఇన్నేళ్ళుగా దొరకనిది కూర కాదు, కుర్చీ.

ఏప్రిల్‌లో చిన్నమ్మ ఫోన్ చేసింది. బీడీల పీఎఫ్ పని మీద వాడకట్టు ఆడవాళ్ళతో కలిసి నిజామాబాద్ పోయిందట. పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బస్టాండు దగ్గర ఒక టిఫిన్ హోటల్ కనిపించిందట.

"పార్శిల్ తెచ్చుకుని బస్సుల తిన్నరా?" అని అడిగాను.

"ఎందుకే? నలుగురం పోయినం. నాలుగు కుర్చీలు జరుపుకొని కూసున్నం" అన్నది. "దోశ మస్తు వేడిగుండె బిడ్డా."